ఇంట్లో 3 నెలల పాప, అన్న బడిలో ఫ్లూ: పాపను ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న: ఇద్దరు పిల్లల తల్లి, నిజామాబాద్

అందరికీ నమస్కారం. మా బాబుకు నాలుగేళ్లు దాటాయి, ఈ జూన్‌లోనే ఎల్‌కేజీలో చేర్పించాము. పాప పుట్టి 3 నెలల 10 రోజులైంది. వానలు పట్టుకున్న దగ్గర నుంచి బాబు తరగతిలో దగ్గులు, జ్వరాలు తిరుగుతూనే ఉన్నాయి గానీ, ఈ వారం మాత్రం 26 మందిలో 11 మంది రాలేదని, వారిలో ఇద్దరికి ముక్కులోంచి నమూనా తీసి పరీక్షిస్తే ‘ఇన్‌ఫ్లుయెంజా ఏ’, అంటే ఒక రకం ఫ్లూ అని తేలిందని తల్లుల వాట్సాప్ గ్రూపులో రాశారు. బాబు ప్రస్తుతానికి బాగానే ఉన్నాడు. అయితే బడి నుంచి వస్తూనే సంచి గుమ్మంలో పడేసి, చెల్లెలి ఊయల దగ్గరకు పరుగెత్తి, దాని పిడికిలి విప్పి ముద్దుపెట్టుకోవడం వాడికి అలవాటు. ఆ పిడికిలి మరుక్షణం పాప నోట్లోకే వెళుతుంది. నా భయమంతా అక్కడే ఉంది.

పాపకు వేయించిన పెంటావాలెంట్ టీకా దేనికోసమని చదివితే, అది అడ్డుకునే ఐదు జబ్బుల వివరంలో ‘ఇన్‌ఫ్లుయెంజా’ అన్న మాట కనిపించింది. అంటే పాపకు ఫ్లూ టీకా పడినట్టేనా? బాబును కొన్నాళ్లు బడి మాన్పించాలా? నాకే జ్వరం వస్తే పాలివ్వడం ఆపాలా? ఇంకొక విషయం, కాస్త మొహమాటంగానే అడుగుతున్నాను. మా అత్తమ్మ రోజూ పాపకు స్నానం చేయించి సాంబ్రాణి పొగ పడతారు, జలుబు రాకుండా ముక్కులో రెండు చుక్కల నూనె వేస్తారు. ఐదుగురు పిల్లలను పెంచిన మనిషి, షుగరు ఉన్నా నా పురుడంతా ఒంటిచేత్తో చూసుకున్నారు. ఆమె మనసు నొప్పించకుండా ఈ రెండూ మాన్పించాలా, లేక వాటివల్ల నష్టమేమీ లేదా?

జవాబు 1: పిల్లల వైద్యురాలు, వరంగల్

అమ్మా, మీ మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ పేరు చూసి చదువుకున్న తల్లిదండ్రులు కూడా పొరపడుతుంటారు. పెంటావాలెంట్‌లో ఉన్నది హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి అనే బాక్టీరియాకు విరుగుడు. అది న్యుమోనియాను, మెదడు పొరల వాపును తెస్తుంది గానీ ఫ్లూను తేదు. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగులలో ఈ బాక్టీరియాను చూసి, ఫ్లూకు ఇదే కారణమని అనుకున్నాడు. మనుషులలో ఫ్లూ తెచ్చేది వైరస్ అని 1933లో తేలింది, కానీ అప్పటికే స్థిరపడిన పేరు అలాగే ఉండిపోయింది. కాబట్టి మీ పాపకు ఫ్లూ టీకా పడలేదు. పడే వయసు కూడా ఇంకా రాలేదు, ఎందుకంటే ఆ టీకాను 6 నెలలు నిండిన తరువాతే వేస్తారు.

6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఏటా ఫ్లూ టీకా వేయించాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. అయితే ప్రభుత్వం ఉచితంగా వేసే సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఇది లేదు, బయట డబ్బు పెట్టి వేయించుకోవలసిందే. మీ బాబుకు ఇదే మొదటిసారి అయితే 4 వారాల ఎడంతో రెండు మోతాదులు కావాలి, ఆ తరువాత ఏటా ఒకటి సరిపోతుంది. వైరస్ తన రూపం మార్చుకుంటూ ఉంటుంది గనుక టీకానూ ఏటా మార్చి తయారుచేస్తారు, నిరుడు వేయించుకున్నది ఈ ఏటికి పనికిరాదు. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండు విడతలుగా పెరుగుతుంది: జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానాకాలం వెళ్లేవేళ మరొకసారి. అందువల్ల వానలకు ముందే వేయించడం మంచిది. ఇప్పుడు ఆలస్యమైన మాట నిజమే, టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది గనుక ఈ వారం బడిలో ఉన్న వైరస్‌కు అది అడ్డుపడకపోవచ్చు. అయినా వేయించమనే చెబుతాను, ఎందుకంటే ఈ విడత ఇంకా ముగియలేదు, జనవరి విడత రాబోతోంది.

పాపకు టీకా వేయలేము కాబట్టి పాప చుట్టూ ఉన్నవారికి వేయాలి. మీరు, మీ భర్త, మీ అత్తమ్మగారు, మామగారు తలా ఒక మోతాదు వేయించుకుంటే చాలు. పాలిచ్చే తల్లికి ఈ టీకాతో ఏ ప్రమాదమూ లేదు. షుగరు ఉన్న మీ అత్తమ్మగారికి పాప ప్రసక్తి లేకున్నా ఇది అవసరమే, ఆ వయసులో షుగరుతో ఫ్లూ వస్తే ఆసుపత్రిలో చేరవలసిన పరిస్థితి రావచ్చు. గర్భంతో ఉన్నప్పుడు తల్లి వేయించుకుంటే ఆ రక్షణ కడుపులోని బిడ్డకు కూడా కొంత అందుతుంది. మీకు అప్పుడెవరూ చెప్పి ఉండకపోతే అది మీ తప్పు కాదు, మావాళ్లే చాలామంది చెప్పడం మరచిపోతారు.

బడి సంగతికి వస్తే, ఇంట్లో ఇంత చంటిబిడ్డ ఉన్నప్పుడు ఒక వారం పది రోజులు ఎల్‌కేజీ మానితే పోయే చదువేమీ లేదు. జబ్బుపడ్డ పిల్లల నుంచి దూరంగా కూర్చోబెడితే చాలని కొందరు అంటారు గానీ, జ్వరం కనబడడానికి ఒక రోజు ముందు నుంచే వైరస్ బయటకు వస్తూ ఉంటుంది, చిన్నపిల్లలలో పెద్దలకంటే ఎక్కువ రోజులు వస్తుంది. అంటే ఈరోజు ఆరోగ్యంగా ఆడుతున్న పిల్లవాడే రేపు జ్వరంతో పడుకుంటాడు. బడి మాన్పించి, అదే బాబును పెళ్లి విందుకో, పక్కింటి పుట్టినరోజుకో తీసుకువెళితే మాన్పించిన ప్రయోజనం ఉండదు. ఒకవేళ బాబుకే జ్వరం వస్తే, మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేదని రూఢి అయ్యాకే తిరిగి పంపండి. మాత్ర వేసి బడికి పంపే అలవాటు మన దగ్గర చాలా ఎక్కువగా ఉంది.

ఇంటికి రాగానే ఎవరైనా సరే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కొని, చొక్కా మార్చుకున్నాకే పాపను తాకాలి. బాబుకు ముద్దు వద్దని చెబితే వినడు, చెల్లెలి పాదాలకు పెట్టుకోమని చెప్పండి. ఈ సలహా నా దగ్గరకు వచ్చే ప్రతి అన్నకూ, అక్కకూ నచ్చింది. వాన పడుతోందని కిటికీలన్నీ మూసి ఉంచకండి, గాలి ఆడనివ్వండి. పాపకు మాస్కు పెట్టకూడదు, రెండేళ్ల లోపు పిల్లలకు దానివల్ల ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది.

మీకు జ్వరం వచ్చినా పాలు ఆపవద్దు. ఫ్లూ వైరస్ పాల ద్వారా పోదు, పైగా మీ ఒంట్లో దానికి వ్యతిరేకంగా తయారైన రక్షణ పాల ద్వారానే బిడ్డకు చేరుతుంది. మాస్కు పెట్టుకొని, చేతులు కడుక్కొని పాలివ్వండి. లేవలేనంత నీరసంగా ఉంటే పాలు పిండి ఇస్తే ఇంకొకరు ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు.

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం కనిపిస్తే అది అర్ధరాత్రి అయినా సరే వైద్యుడికి చూపించాలి. మీ పాప ఆ గీత దాటి 10 రోజులే అయింది గనుక అదే నియమం పాటించండి. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, జబ్బు మొదలైన 48 గంటలలోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, పసిపిల్లలలో పరీక్ష ఫలితం కోసం ఆగకుండానే మొదలుపెడతాము. కానీ అది వైద్యుడు బరువు చూసి రాయవలసిన మందు, దుకాణంలో అడిగి తెచ్చుకునేది కాదు. యాంటీబయాటిక్‌లు వైరస్‌ను ఏమీ చేయలేవు. పరీక్షలో హెచ్1ఎన్1 అని వచ్చినా ‘స్వైన్ ఫ్లూ’ అని కంగారుపడకండి. 2009 మే నెలలో మన దేశంలో తొలి కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది గనుక ఆ పేరంటే మనకింకా గుండె ఝల్లుమంటుంది గానీ, ఇప్పుడది ఏటా వచ్చే ఫ్లూ రకాలలో ఒకటి. మీ అత్తమ్మగారి సంగతి నాకంటే బాగా చెప్పగలిగేవారు ఇక్కడ ఉన్నారు, వారికి వదిలేస్తున్నాను.

జవాబు 2: ఏఎన్ఎం, కర్నూలు జిల్లా

డాక్టరుగారు చెప్పినదానికి నా అనుభవంలోని ఒక్క మాట కలుపుతాను. తల్లులందరూ నాకు ఫోను చేసి జ్వరం ఎంత ఉందో చెబుతారు గానీ ఊపిరి ఎంత ఉందో చెప్పరు. బిడ్డ 102 జ్వరంలోనూ పాలు తాగి నవ్వుతూ ఉండవచ్చు, 99 జ్వరంలోనే ఊపిరితిత్తులు నిమ్ముతో నిండిపోయి ఉండవచ్చు. అందుకే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఊపిరి లెక్కపెట్టడం వచ్చిన మనిషి ఒకరు ఉండాలి.

బిడ్డ నిద్రపోతున్నప్పుడు గానీ, ఏడవకుండా కుదురుగా ఉన్నప్పుడు గానీ చొక్కా రొమ్ముపైకి ఎత్తి, పొట్ట మీద చూపు నిలపాలి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. సెల్‌ఫోనులో నిమిషం పెట్టుకొని, నిండు నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కించి రెండు రెట్లు చేస్తే పసిబిడ్డలలో తప్పు వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఊపిరి కాసేపు వడిగా, కాసేపు నెమ్మదిగా నడుస్తుంది. 2 నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, 2 నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు పైన ఉంటే వేగంగా ఉన్నట్టు. మీ పాపకు గుర్తుంచుకోవలసింది 50, బాబుకు 40.

అంకె ఎంత ఉన్నా సరే, ఊపిరి లోపలికి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతూ ఉంటే, అంటే మన ఊళ్లలో డొక్కలెగరేయడం అంటామే అది కనిపిస్తే, ఇక ఇంట్లో ఉంచకూడదు. పాలు పట్టకపోవడం, తాగినదంతా కక్కేయడం, లేపినా మగతగా ఉండడం, పెదవులు నీలంగా మారడం, ఫిట్స్ రావడం, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోవడం కూడా అలాంటివే. 108కి ఫోను చేయండి. జ్వరం తగ్గి, రెండు రోజులు బాగుండి, మళ్లీ జ్వరం, దగ్గు తిరగబెడితే అది ఫ్లూ మీద న్యుమోనియా పట్టడం కావచ్చు, దాన్ని తేలికగా తీసుకోవద్దు. నేను పనిలో చేరిన కొత్తలో, డొక్కలెగురుతున్న ఐదు నెలల బిడ్డను పొట్ట మీద వాతలు పెట్టించి మూడోరోజున నా దగ్గరకు తెచ్చారు. ఆ బిడ్డ బతికింది గానీ, ఆ మచ్చలు చూసినప్పుడల్లా పోగొట్టుకున్న ఆ రెండు రోజులే నాకు గుర్తొస్తాయి.

న్యుమోనియా తెచ్చే ఒక బాక్టీరియాకు అడ్డుగా వేసే న్యుమోకాకల్ టీకా 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఉచితంగానే వేస్తారు. మీ పాపకు సరిగ్గా ఇప్పుడే 14 వారాలు నిండాయి, కార్డు తీసి చూసుకోండి.

జవాబు 3: ఒక తండ్రి, గుంటూరు

నమస్కారమండీ. మందు సీసాల గురించి చెప్పదలచుకున్నాను, ఎందుకంటే నిరుడు మా ఇంట్లో జబ్బుకంటే మందే ఎక్కువ భయపెట్టింది. మా పాపకు అప్పుడు ఏడాదిన్నర, బరువు 10 కిలోలు. వైద్యుడు పారాసిటమాల్ రాశారు. అప్పటికే మా ఫ్రిజ్ మీద అదే మందువి మూడు సీసాలు ఉన్నాయి: 1 మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉండే చుక్కల మందు, 5 మిల్లీలీటర్లలో 125 ఉండే సిరప్, 5 మిల్లీలీటర్లలో 250 ఉండే సిరప్. మూడింటి అట్టపెట్టెలు దాదాపు ఒకే రంగులో ఉన్నాయి. 250 సిరప్ 3 మిల్లీలీటర్లు ఇవ్వమని రాస్తే, రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో నేను చుక్కల మందు 3 మిల్లీలీటర్లు పట్టాను. 150 మిల్లీగ్రాములు పడవలసిన చోట 300 పడ్డాయి. తెల్లవారాక మా అమ్మ, ముక్కు కారుతోందని పాత జలుబు సిరప్ పట్టింది. దానిలోనూ పారాసిటమాల్ ఉందని మాలో ఎవరికీ తెలియదు.

సీసాలన్నీ సంచిలో వేసుకొని పరుగెత్తాము. ఆ ఒక్క పూట పొరపాటుకు కాలేయం దెబ్బతినదని, అదే మూడు రోజులు సాగి ఉంటే వేరే కథ అయ్యేదని వైద్యుడు మందలించి పంపారు. కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, మోతాదుకు మోతాదుకు నడుమ 4 నుంచి 6 గంటల వ్యవధి అని అప్పుడు లెక్క నేర్పారు. ఇప్పుడు ఇంట్లో ఒకే సీసా ఉంచుతున్నాము, దాని మీద స్కెచ్ పెన్నుతో పాప పేరు, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది రాస్తాము, బరువు పెరిగినప్పుడల్లా ఆ అంకె మారుస్తాము. వంటింటి చెంచాతో కాకుండా సూది లేని సిరంజితో పడతాము. మందు పట్టినవాళ్లు వేళ రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తారు.

క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసి ఉన్న జలుబు మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీదే హెచ్చరిక ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఇళ్లలో మిగిలిపోయిన పాత సీసాలు ఆ హెచ్చరిక లేకుండానే తిరుగుతున్నాయి, ముందు వాటిని పారేయండి. ఇది డెంగ్యూ కాలం కూడా గనుక, జ్వరం తగ్గడం లేదని ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ సిరప్‌లు సొంతంగా పట్టవద్దని, అవి డెంగ్యూలో రక్తస్రావానికి దారి తీయవచ్చని అదే వైద్యుడు చెప్పారు. పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దన్నారు.

జవాబు 4: విశ్రాంత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

తల్లీ, నేను అత్తగారిని కూడా అయ్యాను గనుక మీ నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకుందని అనుకుంటున్నాను. నా ముగ్గురు పిల్లలకూ కుంపటిలో నిప్పులు వేసి, దాని మీద సాంబ్రాణి చల్లి, బుట్ట బోర్లించి, ఆ పైన బిడ్డను పడుకోబెట్టి పొగ పట్టినదాన్నే. ఆ వాసన తగలకపోతే నీళ్లు పోసినట్టే అనిపించేది కాదు. మనవరాలికి నెలన్నర వయసులో, పొగ పట్టిన పూటల్లా రాత్రి గుర్రుగుర్రుమని ఊపిరి తీస్తోందని మా కోడలు గమనించింది. నేను ఒప్పుకోలేదు. వారం రోజులు మాని చూద్దామని పందెం వేసుకున్నాము, గురక తగ్గింది, పందెం నేనే ఓడిపోయాను.

పొగ ఏదైనా పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంటే, అది దేవుడి గదిలోంచి వచ్చినా సరే. జుట్టు ఆరడానికి మెత్తని నూలుగుడ్డ చాలు. ముక్కులో నూనె మాత్రం పందేలు వేసుకొని పరీక్షించవలసిన విషయం కాదు, ఈరోజే ఆపించండి. ఆ చుక్క గొంతు దాటి ఊపిరితిత్తులలోకి జారితే, నూనె వల్ల వచ్చే న్యుమోనియా ఉందట. ముక్కు మూసుకుపోతే డాక్టరునడిగి ఉప్పునీటి చుక్కలు తెచ్చుకోండి. కర్పూరం మూటకట్టి ఊయలకు వేలాడదీయడం, ముక్కు దగ్గర ఘాటు మందులు రాయడం కూడా వద్దు, కర్పూరం పసివాళ్లకు ఫిట్స్ తెప్పించగలదు. ఏడాది లోపు బిడ్డకు దగ్గుకని తేనె నాకించకూడదు.

ఇక చెప్పడం ఎలాగంటారా, కోడలు చెబితే ‘నాకు చెప్పొచ్చావా’ అనిపిస్తుంది, తెల్లకోటు చెబితే అనిపించదు. పాపను చూపించడానికి వెళ్లేటప్పుడు మీ అత్తమ్మనే వెంట తీసుకువెళ్లి, ఆవిడ చేతే ‘సాంబ్రాణి పట్టవచ్చా’ అని అడిగించండి. ఇంటికి వచ్చాక ఏదైనా అధికారం కూడా ఆవిడ చేతిలో పెట్టండి. మా ఇంట్లో చేతులు కడుక్కోనిదే బిడ్డను ఇవ్వని పోలీసును నేనే అయ్యాను. పాపను చూడ్డానికి వచ్చిన చుట్టాలను గుమ్మంలోనే ఆపి పెరట్లోకి పంపించేదాన్ని. కోడలు ఆపితే పొగరనేవారు, నేను ఆపితే పెద్దరికమన్నారు.

ప్రశ్న అడిగిన తల్లి, నాలుగు రోజుల తరువాత

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. బాబును మరునాటి నుంచే బడి మాన్పించాము గానీ, అప్పటికే అంటుకున్నట్టుంది, రెండోరోజు రాత్రి వాడికి 102 జ్వరం వచ్చింది. మరునాడు ఉదయాన్నే డాక్టరుకు చూపిస్తే ఫ్లూయేనని చెప్పి, ఇంట్లో చంటిబిడ్డ ఉందని తెలిశాక ఒసెల్టామివిర్ వెంటనే మొదలుపెట్టారు. వాడి బరువు 15 కిలోలు కాబట్టి గుంటూరు అన్నగారు చెప్పిన లెక్క ప్రకారం 250 సిరప్ నాలుగున్నర మిల్లీలీటర్లు వస్తుంది, డాక్టరు రాసినదీ అంతే. వాడు నాన్నతో ముందు గదిలో పడుకుంటున్నాడు, తలుపు దగ్గర నిలబడి చెల్లెలి పాదాలకు గాల్లో ముద్దులు పంపుతున్నాడు. పాపకు నివారణగా ఏదైనా మందు వేయాలా?

జవాబు: పిల్లల వైద్యురాలు, వరంగల్

ఆ నిర్ణయం పాపను స్వయంగా చూసిన వైద్యుడే తీసుకోవాలి, ఇక్కడ నేను చెప్పడం సరికాదు. ఈరోజే వెళ్లి అడగండి. ఫ్లూ సోకిన తరువాత లక్షణాలు బయటపడడానికి 1 నుంచి 4 రోజులు పడుతుంది, బాబు నుంచి ఇంకొన్నాళ్లు వైరస్ వస్తూనే ఉంటుంది గనుక మరో వారం పాటు పాప జ్వరం, ఊపిరి పూటపూటా చూస్తూ ఉండండి.

ప్రశ్న అడిగిన తల్లి

ఇప్పుడే వెళ్లి వచ్చాము. పాపను పరీక్షించి, ప్రస్తుతానికి మందు అవసరం లేదని, కనిపెట్టి చూడమని అన్నారు. సాంబ్రాణి సంగతి అత్తమ్మే అడిగారు, దారిలో ఒక్క మాట మాట్లాడలేదు గానీ ఇంటికి రాగానే డబ్బా తీసి అటక మీద పెట్టేశారు. ఇందాక పాప నిద్రపోయాక చొక్కా ఎత్తి, నా ఫోను తీసుకొని, నిమిషం పాటు లెక్కపెట్టి 38 అన్నారు. నా లెక్క 36 వచ్చింది. ఆమె ఒప్పుకోక మళ్లీ లెక్కపెడుతున్నారు.